రుషికొండ స్టార్టప్ ఇస్తామన్న వాటా విలువ ఎంత?

ప్రశ్న: మేము విశాఖలోని కూర్మన్నపాలెంలో ఉంటాము. మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ పూర్తిచేసింది. రుషికొండలో కొత్తగా మొదలైన ఒక స్టార్టప్ ఏడాదికి 4.8 లక్షల జీతం, పదివేల ఈసాప్‌లు (ముందే నిర్ణయించిన ధరకు కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కులు) ఇస్తామంటోంది. మరో పాత కంపెనీ 6.5 లక్షలకు పిలిచింది. అమ్మాయి మనసు స్టార్టప్ మీదే ఉంది కానీ, జీతం పెంచమంటే ఆఫర్ చేజారుతుందేమోనని అడగలేకపోతోంది.

జవాబు: మర్యాదగా, కారణం చెప్పి అడిగినంత మాత్రాన ఆఫర్ వెనక్కి తీసుకోవడం అరుదండీ. అలా తీసుకునే సంస్థ అయితే ఆ సంగతి చేరకముందే తెలియడం మీ అమ్మాయికి మేలు. నన్ను కలవరపెడుతున్నది ఆ పదివేల అంకె. మొత్తం షేర్లు ఎన్నో తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు.

రెండు జీతాల మధ్య తేడా ఏడాదికి 1.7 లక్షలు, నాలుగేళ్లకు 6.8 లక్షలు. ఈసాప్‌ల కోసం మీ అమ్మాయి చెల్లిస్తున్న అసలు ధర ఇదే. అన్ని ఈసాప్‌లనూ కలుపుకొని కంపెనీలో మొత్తం 20 లక్షల షేర్లుంటే ఆమె వాటా అర శాతం, ఆ 6.8 లక్షలు తిరిగి రావాలంటే కంపెనీ విలువ 13.6 కోట్లకు చేరాలి. అదే కోటి షేర్లుంటే వాటా 0.1 శాతమే, అప్పుడు 68 కోట్లకు చేరాలి. పన్నును, షేరుకు చెల్లించాల్సిన ధరను ఈ లెక్కలో కలపలేదు. పైగా, కొత్త పెట్టుబడిదారులకు 20 శాతం వాటా దక్కేలా కంపెనీ కొత్త షేర్లు జారీచేస్తే అర శాతం కాస్తా 0.4 అవుతుంది.

ముందుగా కంపెనీ పేరు చివర ఏముందో చూడండి. ఎల్‌ఎల్‌పీకి (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థకు) షేర్లే ఉండవు కనుక అది ఈసాప్‌లు ఇవ్వలేదు. ప్రైవేట్ లిమిటెడ్ అయితే, వాటాదారుల తీర్మానంతో ఆమోదం పొందిన ఈసాప్ పథకం ఇప్పటికే ఉందా అని అడగాలి. నా వద్దకు వచ్చిన ఒక కుర్రవాడు వాట్సాప్‌లో ఫౌండర్ ఇచ్చిన ‘ఒక శాతం’ హామీని నమ్మి పద్నాలుగు నెలలు తక్కువ జీతానికి పనిచేశాడు. ఈసాప్‌లు ఇచ్చినట్లు తెలిపే గ్రాంట్ లెటర్ అడిగిన రోజున అసలు పథకమే లేదని తేలింది. అతను ఆ సందేశాన్ని నాకు ఫోన్‌లో చూపించినప్పుడు చాలా బాధ కలిగింది.

ఈసాప్‌లు ఇచ్చిన రోజు నుంచి కనీసం ఏడాది గడిచాకే వెస్ట్ కావాలన్నది, అంటే వాటిని వాడుకునే హక్కు దక్కాలన్నది, 2014 నాటి కంపెనీ నిబంధనల్లోనే ఉంది కనుక, ఆరు నెలలకే చేతికొస్తాయంటే నమ్మవద్దు. సాధారణంగా నాలుగేళ్లలో విడతలవారీగా వెస్ట్ అవుతాయి. అయితే ఉద్యోగం మానేసిన తరువాత వాటిని కొనుక్కోవడానికి ఎంత గడువు ఇస్తారన్నది చాలామంది అడగరు. తొంభై రోజులే ఇస్తే చిక్కు ఎక్కడ వస్తుందో చూడండి: షేరుకు 10 రూపాయల చొప్పున పదివేల షేర్లకు లక్ష రూపాయలు కట్టాలి. ఆనాటికి షేరు విలువ 210 అని నిర్ధారిస్తే, 20 లక్షల తేడాను జీతంగా లెక్కించి, ఒక్క షేరైనా అమ్మకముందే పన్ను వేస్తారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న కొన్ని స్టార్టప్‌లలో ఈ పన్ను వాయిదాకు వీలుంది కానీ, ఉద్యోగం మానితే ఆ వెసులుబాటు ముగుస్తుంది. అందుకే ఈ గడువును కొన్నేళ్లకు పొడిగించమని అడగడం, మరో వెయ్యి ఈసాప్‌లు అడగడం కంటే మేలని నా అభిప్రాయం.

ఇక జీతం. 4.8 లక్షలంటే నెలకు 40 వేలు అనుకోకండి. సీటీసీలో, అంటే ఉద్యోగిపై కంపెనీ పెట్టే మొత్తం ఖర్చులో, కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కలిపారేమో చూసి, చేతికొచ్చేది ఎంతో తేల్చుకోండి. కూర్మన్నపాలెం నుంచి రుషికొండకు రోజూ నగరం ఈ చివర నుంచి ఆ చివరకు తిరగడం కష్టం కనుక, మధురవాడలో హాస్టల్ ఖర్చు కూడా కలిపి ఆమె ఒక కనీస మొత్తం అనుకోవాలి. ఆ మొత్తం కన్నా తక్కువకు, ఎన్ని ఈసాప్‌లు ఇచ్చినా ఒప్పుకోవద్దు.

మాట్లాడవలసింది మీరు కాదు, అమ్మాయే. ఇలా మెయిల్ రాయమనండి: ‘మీ సంస్థలో చేరాలని ఉంది. నాకు 6.5 లక్షల ఆఫర్ ఉంది. జీతం 5.6 లక్షలు చేయగలరా? అది ఇప్పుడు వీలుకాకపోతే, తదుపరి పెట్టుబడి వచ్చిన నెల నుంచి పెంచుతామని ఆఫర్ లెటర్‌లో రాయగలరా? మొత్తం షేర్ల సంఖ్య, షేరు ధర, వెస్టింగ్ వివరాలు, ఉద్యోగం మానాక ఉండే గడువు తెలియజేయగలరు.’ జీతం పెంచలేమన్నా మిగిలిన వివరాలు దాచకుండా చెబితే ఆ స్టార్టప్ గురించి ఇంకా ఆలోచించవచ్చు. మొత్తం షేర్లెన్నో చెప్పడానికే నిరాకరిస్తే మాత్రం ఆ పదివేలను సున్నాగా లెక్కించి, 4.8కీ 6.5కీ మధ్య నిర్ణయం తీసుకోమనండి.