మొండికేసిన రాజ్మా, పలచబడ్డ సూపు

ఈసారి ఉత్తరాల్లో సగం సూపు గురించే. కూరగాయల సూపు కాదు, గింజలూ పప్పులూ వేసి, గిన్నెడు తాగితే మరి భోజనం అక్కర్లేనంత చిక్కగా చేసుకునే సూపు. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబిస్తున్నాను.

పిన్నిగారూ, రాత్రంతా నానబెట్టిన రాజ్మాతో సూపు పెట్టాను. ఉల్లిపాయ, టమాటాలు మగ్గాక అందులోనే గింజలు, నీళ్లు పోశాను. గంటన్నర ఉడికినా గింజ పళ్ల కింద కటుక్కుమంటోంది. మా స్టవ్‌లో మంట సరిపోవడం లేదా?

పాపం స్టవ్‌ని ఏమీ అనకండి. తప్పు టమాటాది. గింజలో కణాన్నీ కణాన్నీ అతికించి ఉంచేది పెక్టిన్ అనే జిగురు. అది కరిగితేనే గింజ మెత్తబడుతుంది. పులుపు తగిలితే ఆ జిగురు తొందరగా కరగదు. అందుకే టమాటా అయినా, నిమ్మరసం అయినా, వెనిగర్ అయినా గింజ పూర్తిగా ఉడికాకే వేయాలి.

నేను హాస్టల్ వంటగదిలో చేరిన కొత్తలో అచ్చం ఇదే చేశాను. భోజనాల గంట కొట్టేశారు, డేక్సాలో గింజలు మాత్రం గులకరాళ్లలా ఉన్నాయి. పిల్లలు ఒక్క మాటా అనలేదు. సూపు తాగేసి, గింజలను పళ్లెం అంచున వరసగా పేర్చి వెళ్లిపోయారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఉడికిందో లేదో చూడటానికి ఒక గింజ నొక్కి వదిలేయకండి. అయిదు తీయండి. అయిదూ రెండు వేళ్ల మధ్య వెన్నలా నలగాలి, మధ్యలో సుద్దలాంటి పలుకు తగలకూడదు. చెంచాలోకి తీసి ఊదితే తోలు చిట్లి ముడుచుకుంటే దగ్గరపడినట్టే.

ఇక ఉప్పు సంగతి. ముందే వేస్తే గింజ ఉడకదని నాకూ చెప్పారు, ఇరవై ఏళ్లు నమ్మాను. నిజానికి నానబెట్టే నీళ్లలోనే ఉప్పు వేస్తే తోలు మెత్తబడుతుంది. లీటరు నీళ్లకి రెండు చిన్న చెంచాలు చాలు. తోలును బిగదీసి ఉంచే కాల్షియం, మెగ్నీషియం కొంత బయటికి పోయి, ఆ చోట్లోకి ఉప్పులోని సోడియం చేరుతుంది. మర్నాడు ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికించండి. మీ నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టే రకమైతే మాత్రం ఆర్‌వో ఫిల్టర్ నీళ్లు వాడండి, పొర కట్టే నీళ్లలోనూ అదే కాల్షియం ఉంటుంది.

ఇన్ని చేసినా ఉడకలేదంటే గింజలు పాతవి. ఏళ్ల తరబడి వేడిలో, తేమలో పడి ఉన్న గింజ మొండికేస్తుంది. చిటికెడు వంటసోడా వేస్తే దారికొస్తుంది. చిటికెడంటే చిటికెడే. ఎక్కువైతే సూపు సబ్బునీళ్ల రుచి వస్తుంది, గింజలోని బి1 విటమిన్ కూడా పోతుంది.

కొత్తగా స్లో కుక్కర్ కొన్నాను. రాత్రి నానబెట్టిన రాజ్మా పొద్దున్నే అందులో వేసి ఆఫీసుకు వెళ్లిపోవచ్చా?

వద్దు బాబూ. ఈ ఒక్క విషయంలో నేను సరదాగా మాట్లాడను. పచ్చి రాజ్మాలో, ముఖ్యంగా ఎర్రవాటిలో, లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా కొందరికి రెండు మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. స్లో కుక్కర్ వేడి ఆ పదార్థాన్ని చంపడానికి చాలకపోవచ్చు. పైగా అరకొర వేడికి అది ఇంకా పెరగొచ్చు కూడా.

నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో స్టవ్ మీద తెర్లే మంటన అరగంట ఉడికించండి. ఆ తర్వాత స్లో కుక్కర్‌లో వేసుకుని నిశ్చింతగా ఆఫీసుకు వెళ్లండి. అంత తీరిక లేని రోజున ఎర్ర మసూర్ పప్పు వాడండి. దాన్ని నానబెట్టే పని లేదు, స్టవ్ మీద ఇరవై నిమిషాల్లో దానంతటదే కరిగి సూపవుతుంది.

గింజలు బాగానే ఉడుకుతున్నాయి. కానీ నీళ్లు వేరు, గింజలు వేరుగా ఉంటోంది. కార్న్‌ఫ్లోర్ కలిపితే జిగురుగా తయారైంది. పైగా రుచీ పచీ లేదు.

కార్న్‌ఫ్లోర్‌ని డబ్బాలో పెట్టి మూతేయండి. చిక్కదనం గింజలోనే ఉంది. ఉడికిన గింజల్లో మూడో వంతు పక్కకు తీసి, పప్పుగుత్తితో మెత్తగా మెదిపి మళ్లీ కలపండి. పది నిమిషాలు సన్న మంట మీద ఉంచితే నీళ్లూ గింజలూ ఒకటవుతాయి. గింజలు ఉడికిన నీళ్లను మాత్రం పారబోయకండి. పారబోయాల్సింది నానబెట్టిన నీళ్లే. ఉడికిన నీళ్లలో సగం సూపు ఉంది.

మిక్సీలో వేస్తానంటారా? చల్లారాక వేయండి. ఓ సారి తొందరపడి సలసలమనే సూపుని జార్ నిండా పోసి మీట నొక్కాను. ఆవిరికి మూత ఎగిరింది. గోడ మీద, కళ్లజోడు మీద, గోడకున్న క్యాలెండర్ మీద సూపే. ఆ ఏడాదంతా మార్చి నెల పచ్చగానే ఉంది.

రుచి దగ్గర అందరూ మసాలా డబ్బా వైపు చూస్తారు. నేను మూకుడు వైపు చూస్తాను. గింజలు ఒక పక్క ఉడుకుతుండగా ఇంకో పక్క నూనెలో ఉల్లిపాయలను సన్న మంట మీద ఇరవై నిమిషాలు వేయించండి. బంగారు రంగు దాటి గోధుమ రంగుకి రావాలి. అప్పుడు టమాటా గుజ్జు వేసి, అడుగంటబోతోందా అనిపించి, రంగు ముదిరి, నూనె తేలేదాకా వేయించండి. గరిటెడు గింజల నీళ్లు పోసి అడుగున పట్టినదంతా గీకి, మొత్తం ఉడికిన గింజల్లోకి దింపండి. ఎండు పుట్టగొడుగులు రెండు ఉంటే అవీ వేయండి, లోతు వస్తుంది. దించాక చివర్లో నిమ్మకాయ పిండితే రుచి ఒక్కసారి లేచి నిలబడుతుంది. గింజల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి కూడా ఆ నిమ్మరసం సాయం చేస్తుంది.

మా వారికి గింజల సూపంటే ఇష్టం. మర్నాడు పొట్ట ఉబ్బరంతో తిట్లు నాకు.

గింజల్లో రాఫినోస్, స్టాకియోస్ అనే చక్కెరలుంటాయి. వాటిని అరిగించే ఎంజైమ్ మనకు లేదు. పెద్దపేగులో సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తాయి. నానబెట్టిన నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతాయి. మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, దించి, గంటసేపు నాననిచ్చి ఆ నీళ్లు పారబోసినా అంతే. మొదట వారానికోసారి చిన్న కప్పు ఇచ్చి, అలవాటయ్యాక పెంచండి. తోలు తీసిన పప్పులతో మొదలుపెడితే ఇంకా నయం. తిట్లకు మాత్రం నా దగ్గర మందు లేదమ్మా.

కుక్కర్‌లో శనగలు పెడితే నురగ పైకి తన్ని విజిల్‌లోంచి కారుతోంది. టెన్షన్‌గా ఉంటోంది.

కుక్కర్‌ని గింజలు, నీళ్లు కలిపి సగానికి మించి నింపకండి. ఒక చెంచా నూనె వేయండి, నురగ అణుగుతుంది. పని అయ్యాక ఆవిరి గొట్టంలో తోలు ఇరుక్కుందేమో వెలుతురుకి పెట్టి చూడండి.

ఉప్పు ఎక్కువైతే ఆలుగడ్డ ముక్క వేస్తే లాగేస్తుందంటారు, నిజమేనా?

ఆలుగడ్డ ఉప్పునొక్కదాన్నే ఏరుకుని తాగదు, ఉప్పుతోపాటు నీళ్లనూ పీల్చుకుంటుంది. మిగిలిన సూపు ఉప్పు ఉప్పగానే ఉంటుంది. ఉప్పు వేయకుండా ఉడికించిన గింజలు ఇంకో కప్పు కలపండి. అలా కలిపాక సూపు మిగిలిపోతే గంటలోపు చల్లార్చి, లోతు లేని డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజులు ఆగుతుంది. మర్నాటికి గడ్డకట్టినట్టుంటే కంగారుపడకండి, వేడి నీళ్లు పోసి కలిపితే వదులవుతుంది.