పిల్లల స్నానాలగదిలో జారుతున్న కాంక్రీటు గచ్చు

మణికొండలోని మీ ఇంట్లో పిల్లల స్నానాలగదికి వేయించిన కాంక్రీటు గచ్చు తడిస్తే జారుతోందని, తెల్లమరకలు ఎంత తోమినా పోవడం లేదని రాశారు. మేస్త్రీ ఇనుప తాపీతో అద్దంలా నునుపు చేయడమే జారుడుకు కారణమని నా అభిప్రాయం. పగలగొట్టనక్కరలేదు, పైపొరను యంత్రంతో కాస్త గరుకుగా అరగదీయించి, పూర్తిగా ఆరాక లోపలికి ఇంకే రకం సీలరు (గచ్చు నీళ్లు పీల్చకుండా కాపాడే ద్రవం) పట్టిస్తే చాలు. మెరుపునిచ్చే పూత మాత్రం వద్దు, సబ్బునీళ్లు పడితే మళ్లీ జారుతుంది. మరకలు చాలావరకు బోరునీళ్లలోని లవణాలవే. వాటికోసం యాసిడ్ పోయకండి (మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటే ఇది), అది మరకతోపాటు సిమెంటునూ తినేస్తుంది. అన్నిటికంటే ముందు, మూలన ఒక చెంబుడు నీళ్లు పోసి చూడండి. జాలీ వైపు పారకుండా నిలిచిపోతే, అరగదీయించడానికి ముందే మీటరుకు 12 నుంచి 15 మిల్లీమీటర్ల వాలు వచ్చేలా సరిచేయించాలి.