యానాం: విమోచనా, విలీనమా?

సందేహం: యానాంలోని పాత ఫ్రెంచి కట్టడాల దగ్గర పెట్టడానికి మా కుర్రాళ్లు ఒక బోర్డు రాయిస్తున్నారు. అందులో "1954లో యానాం విమోచనం చెంది ఆంధ్రలో విలీనం చేయబడినది. దీని వారసత్వ పునరుద్ధరణ జరుగుచున్నది" అని ఉంది. విమోచన, విముక్తి, విలీనం – వీటిలో ఏది సరి? – ఒక పాఠకుడు, తాళ్లరేవు

సమాధానం: ముందుగా "ఆంధ్రలో" అన్న మాట కొట్టేయించండి. యానాం చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా, అది నేటికీ పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే.

విమోచనం అంటే విడిపించడం. శాపవిమోచనం ఒకరు చేస్తే ఇంకొకరికి కలుగుతుంది. విముక్తి అంటే విడుదల కావడం, అది పొందేది. కాబట్టి "విమోచనం చెంది" అతకదు. "విముక్తి పొంది" అనాలి. విలీనం వేరే సంగతి. ఒక బ్యాంకు ఇంకో బ్యాంకులో విలీనమైతే మొదటిదాని పేరు కూడా మిగలదు. యానాం భారతదేశంలో కలిసింది కనుక ఆ మేరకు విలీనం తప్పు కాదు గానీ, పుదుచ్చేరి ఒడిలో తన పేరూ ఉనికీ నిలుపుకున్న ఊరికి "కలిసింది" అన్న తేలిక మాటే నాకు నచ్చుతుంది.

అసలు చిక్కు తేదీలది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాంలో ఫ్రెంచి పాలనను దించేశారు. అదే ఏడాది నవంబర్ 1న ఫ్రెంచి స్థావరాల పాలన భారత్ చేతికొచ్చింది. ఒప్పందం మీద సంతకాలు 1956లో పడ్డాయి. ఫ్రాన్సు ఆమోదం తెలిపి అది అమల్లోకి వచ్చేసరికి 1962 ఆగస్టు 16 అయింది. జూన్ 13న జరిగింది విముక్తి, నవంబర్ 1న జరిగింది పాలన బదిలీ, 1962 ఆగస్టు 16న జరిగింది చట్టబద్ధమైన బదిలీ. ఆగస్టు 16ని యానాం వాళ్లు "డీ జ్యూర్ డే" అనేస్తారు, ఆ లాటిన్ మాటకు "చట్టప్రకారం" అని అర్థమని ఎంతమంది అడిగి తెలుసుకున్నారో గానీ! మూడింటికీ "విమోచన" అని ఒకే ముద్ర వేస్తే మధ్యలోని ఎనిమిదేళ్లు మాయమైపోతాయి.

ఈ ఊరు చేతులు మారడం అప్పుడే మొదలు కాదు. ఫ్రెంచివారు 1723లో దిగారు, 1727లో వదిలి వెళ్లారు, 1731లో మళ్లీ వచ్చారు. ఆ తర్వాత యూరప్‌లో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువారు దీన్ని పట్టుకోవడం, సంధి కుదిరాక తిరిగి ఇవ్వడం. ఇలాంటి చోట "స్వాధీనం చేసుకున్నారు", "తిరిగి అప్పగించారు" అన్నవే నికార్సైన మాటలు. వీలైతే ఇంకో ముక్క కూడా చేర్చండి: బాల్యవివాహాలకు అడ్డుకట్ట వేసే శారదా చట్టం బ్రిటిష్ ఇండియాలో వచ్చాక, అది వర్తించని ఈ ఫ్రెంచి గడ్డ మీదికి చుట్టుపక్కల జనం చిన్నపిల్లల పెళ్లిళ్లు చేయడానికి వచ్చేవారు. దాంతో ఊరికి "కల్యాణపురం" అన్న పేరొచ్చింది. గొప్పగా చెప్పుకునేది కాదు, అయినా చరిత్రే.

"వారసత్వ పునరుద్ధరణ" పొసగదు. ఉద్ధరించేది కట్టడాన్ని, వారసత్వాన్ని కాదు. "పాత కట్టడాల పునరుద్ధరణ" చాలు. ద కింద ధ ఒత్తు మరవకండి. గుళ్లకు వాడే "జీర్ణోద్ధరణ" చర్చికి వాడినా వ్యాకరణం అడ్డు చెప్పదు.

"చేయబడినది", "జరుగుచున్నది" – ఇవి ఆఫీసు భాష. నేనైతే ఇలా రాయిస్తాను: "1954 జూన్ 13న యానాం ఫ్రెంచి పాలన నుంచి విముక్తి పొందింది. 1962 ఆగస్టు 16న చట్టబద్ధంగా భారతదేశంలో కలిసింది. ఇక్కడి పాత కట్టడాలను బాగుచేస్తున్నాం."