ట్రంకు పెట్టె తెరిచే ముందు

చిట్టితల్లీ,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. దసరా సెలవులకు కాజీపేట వచ్చి మీ నాన్న ట్రంకు పెట్టె తెరుస్తావట. కాగితాలన్నీ స్కాన్ చేసి, అక్కర్లేనివి తీసేసి, ఈల, జెండాలు, ల్యాంపు అద్దాల పెట్టెలో పెట్టి హైదరాబాద్ ఇంట్లో గోడకు బిగిస్తావట. విని ఎంత సంతోషపడ్డానో! రైలు గార్డుగా బతుకంతా బండి చివర బ్రేక్ వ్యాన్‌లో తిరిగిన మనిషి వస్తువులు ఇంటికొచ్చిన వాళ్లందరికీ కనబడాలని నీకు అనిపించింది చూడు, అక్కడ నువ్వు మా అన్న బిడ్డవని తెలిసిపోయింది. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. "అక్కర్లేనివి" అన్న మాట దగ్గర నా మనసు చిక్కుకుపోయింది. అందుకే తెల్లారకముందే లేచి రాస్తున్నాను.

ముందు ప్రాణభయం ఉన్న సంగతి చెప్పేస్తా. గార్డు దగ్గర పది డిటోనేటర్లు ఉంటాయి, మేం పటాకాలంటాం. బండి దారిలో ఆగిపోతే వెనక్కి నడిచి వెళ్లి 600 మీటర్ల దగ్గర ఒకటి, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పట్టాకు బిగించాలి. వెనక వచ్చే ఇంజన్ చక్రం ఎక్కగానే పేలతాయి, ఆ చప్పుడుకు డ్రైవర్ బండి ఆపుతాడు. నేను మీ నాన్న దగ్గర పని నేర్చుకునే రోజుల్లో, మంచిర్యాల దాటాక వానలో మా బొగ్గు బండి పెట్టెల్ని కలిపే కప్లింగ్ తెగింది. ల్యాంపు నా చేతికిచ్చి తాను ముందు నడిచాడు. బురదలో ఒక చెప్పు పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రాత్రి నాకు ఉద్యోగమంటే ఏమిటో అర్థమైంది.

రిటైరైన రోజు ఆయన పటాకాలు లెక్కపెట్టి అప్పగించాడు, నేను పక్కనే ఉన్నాను. అయినా నా భయం నాది. బూట్ పాలిష్ డబ్బాలా గుండ్రంగా, చిన్నగా, రెండు పక్కలా వంగే సీసం పట్టీలతో ఏదైనా కనబడితే తాకకు, కదపకు, తుడవకు. పిల్లల్ని తీసుకుని బయటికొచ్చి రైల్వే వాళ్ల 139కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యి. పాతబడింది కదా, ఏం కాదులే అని ఎవరు చెప్పినా వినకు.

మిగతా జాగ్రత్తలు నీకు తెలిసినవే. ఏది ఎక్కడుందో కదపకముందే ఫోటో తియ్యి. తుప్పు పట్టిన గుండుసూదులు మెల్లగా తీసెయ్యి. కాగితాలకు లామినేషన్ చేయించకు. కలరా ఉండలు కాగితాలకు తగలకుండా చిన్న గుడ్డలో కట్టి మూలన పెట్టు. ల్యాంపును చింతపండుతో తోమాలని మీ అమ్మ అంటుంది, వద్దని చెప్పు, దాని మీది నంబరు అరిగిపోతుంది. అది సర్కారు ల్యాంపు కాదు. తనది అప్పగించేశాక, మనసాగక పాత సామాన్ల దుకాణంలో ఇంకోటి కొన్నాడు. ఆ రసీదు దాని అడుగునే మడిచి ఉంటుంది, రెండింటినీ విడదీయకు.

ఇక నేను చేసిన తప్పు. ఇది మీ నాన్నకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా నాయన రైలు పట్టాల పని చేసే గ్యాంగ్‌మన్. 1986లో పోయాడు. అప్పటికి నాకు 27 ఏళ్లు, కొత్తగా గార్డునయ్యాను, ఉద్యోగం వచ్చిన గర్వం తలకెక్కి ఉంది. దినాలు అయిపోగానే ఇల్లు సర్దుతూ ఆయన రేకు పెట్టె బోర్లించాను. జీతం చీటీలు, పాసు అప్లికేషన్లు, ఆసుపత్రి కార్డు, ఇంట్లో వాళ్ల పేర్లు రాసిచ్చిన పాత డిక్లరేషన్. నూనె మరకలతో, అంచులు చెదలు తిని ఉన్నాయి. ఆయన చేతికి కట్టుకునే ఇత్తడి బిళ్ల మాత్రం తళతళలాడుతోంది. బిళ్ల జేబులో వేసుకుని, కాగితాలన్నీ పాత పేపర్ల వాడికి తూకానికి వేశాను. మా అమ్మ గడపలో కూర్చుని చూస్తూనే ఉంది. చదువుకున్న కొడుకు చేస్తున్నాడు కదా అని నోరు మెదపలేదు.

రెండు నెలలకు ఫ్యామిలీ పెన్షన్ కోసం వెళితే ఆఫీసులో ఆపారు. వాళ్ల కాగితాల్లో భార్య పేరు లక్ష్మి. మా రేషన్ కార్డులో లచ్చమ్మ. ఇద్దరూ ఒకరేనని చూపించే కాగితం ఏదైనా తెమ్మన్నారు. ఆ కాగితాన్ని నేనే తూకానికి వేశానని చెప్పడానికి నోరు రాలేదు. 22 నెలలు తిరిగాం. అమ్మ ప్రతిసారీ ఊరి నుంచి పొద్దున్నే వచ్చి, ఆఫీసు ముందు వేపచెట్టు కింద సద్ది మూట విప్పుకుని కూర్చునేది. నేను బయటికి రాగానే "దొరికిందా బిడ్డా ఆ కాయితం?" అని అడిగేది. ఆ 22 నెలలూ మిరప తోటల్లో కూలికి పోయింది. నేను పైసలు చేతిలో పెడితే తీసుకునేది కాదు. "అవి నీ జీతం పైసలు. నాకు మీ నాయన పైసలు కావాలె" అనేది. చివరికి సర్పంచ్ సర్టిఫికెట్ తెచ్చి, నాయనతో పనిచేసిన గ్యాంగ్‌మన్లు ఇద్దరు వచ్చి వాంగ్మూలం ఇస్తే గానీ పని కాలేదు. ఆ ఇద్దరూ ఒకరోజు కూలి వదులుకుని వచ్చారు. ఇత్తడి బిళ్ల ఇప్పటికీ నా బీరువాలో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా అమ్మ చేతుల మీది మిరప మంట గుర్తొస్తుంది.

నాన్న పోయి ఇంకా మూడు నెలలు కాలేదు. మా వదిన పెన్షన్ ఇంకా ఆమె పేరు మీదికి మారలేదు. కాబట్టి అది మారి, ఆమె ఖాతాలో డబ్బు పడేదాకా ఒక్క చీటీ కూడా బయటికి పోవడానికి వీల్లేదు. నేను కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ. స్కాన్ ఉంది కదా అంటావేమో. స్కాన్ చెయ్యి, కానీ అసలు కాగితం కూడా ఉంచు.

పెట్టెలో మొదట వెతకాల్సింది పీపీఓ, అంటే పెన్షన్ పేమెంట్ ఆర్డర్. 2016 తర్వాత పెన్షన్ సవరించి మళ్లీ ఇచ్చిన ఆర్డర్ కూడా ఉంటుంది, రెండూ కావాలి. అందులో మీ అమ్మ పేరు సరిగ్గా ఉంటే డెత్ సర్టిఫికెట్‌తో బ్యాంకులోనే పని అవుతుంది. పుట్టిన తేదీ కూడా చూడు. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే వాళ్లకు 80 ఏళ్లు నిండితే 20 శాతం, 85కి 30 శాతం అదనంగా వస్తుంది. తేదీ లేకపోతే ఆ రోజు ఎవరు సాక్ష్యం చెబుతారు? వదినకు ఇప్పుడు 66. ఈ పని ఇప్పుడే చేయించు. మెడికల్ కార్డు, పాసు కాగితాలు వేరే కవరులో పెట్టు. ఇక ఏటా నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం నీ బాధ్యత. హైదరాబాద్‌లో ఉంటే మరిచిపోవడం తేలిక.

అడుగున చిన్న చిన్న డైరీలు ఉంటాయి. ట్రిప్పు లెక్కలు రాసుకునేవి. కాజీపేటలో ఎన్నింటికి ఎక్కాడు, బల్హార్షాలో ఎన్నింటికి దిగాడు, పెద్దపల్లిలో ఎంతసేపు ఆపారు, అంతే ఉంటుంది. నీకు విసుగనిపిస్తే నా కోసం పక్కన పెట్టు. పెద్దపల్లి రాతల్లో నీకు తెలియని టీ కొట్టు ఉంది, నాకు తెలుసు. 2022లో గార్డు అనే పేరు పోయి ట్రైన్ మేనేజర్ అయింది. గోడ మీద పేరు రాయిస్తే మాత్రం గార్డు అనే రాయించు. ఆయన అలాగే సంతకం పెట్టేవాడు.

ఖమ్మంలో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆదివారం నేనూ వస్తాను. నాకోసం ఆగక్కర్లేదు, పెట్టె తెరువు. తాళం చెవి వదిన కొంగున ఉంటుంది, అడిగి తీసుకో. పీపీఓ దొరకగానే మాత్రం నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. మీ అమ్మ పేరు అందులో ఎలా ఉందో అక్షరం అక్షరం చదివి వినిపించు.

మీ చిన్నాయన