చిన్న వెల్డింగ్ షెడ్డుకి ఖర్చు ఎక్కడ తగ్గించాలి?

జీడిమెట్ల దగ్గర ఖాళీ ప్లాటులో కాంక్రీట్ నేల మీద రేకుల వర్క్‌షాప్ వేయాలి, డబ్బు ఎక్కడ మిగులుతుందని అడిగారు. షెడ్డు చట్రానికి వాడే ఇనుప పైపుల్లో మిగుల్చుకోండి, నేలలో మాత్రం వద్దు. నల్లరేగడి అయితే వానకి ఉబ్బి ఎండకి పగులుతుంది కాబట్టి, ఆ మట్టి తీయించి మొరం పోసి, తడిపి, గట్టిగా దిమ్మిస కొట్టించాకే 5 అంగుళాల మందాన ఎం20 (బలాన్ని చెప్పే గ్రేడు) కాంక్రీట్ వేయించండి. పీపీసీ (ఫ్లైయాష్ లాంటివి కలిపిన) సిమెంట్ అయితే కనీసం 10 రోజులు తడి గోనెసంచులు కప్పి ఉంచాలి, ఎండాకాలంలో ఇది అస్సలు మానొద్దు.

స్తంభాల కింద విడిగా ఫుటింగులు (కాంక్రీట్ పునాది దిమ్మెలు) తప్పనిసరి. రేకుల షెడ్డు తేలిక, మన వేసవి గాలివాన దాన్ని పైకి లాగుతుంది, పట్టి ఉంచేది ఆ ఫుటింగుల బరువే. పైపులు సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చు, కానీ సుత్తితో తట్టి చూడండి, తుప్పు తిన్నచోట శబ్దం బొంగురుగా వస్తుంది.