పండక్కి వచ్చిన చుట్టమే డిటెక్టివ్ అయిన నవలలు

పాతకాలపు ఇంగ్లండులో, క్రిస్మస్ రోజుల్లో జరిగే డిటెక్టివ్ నవలలు చెప్పమని అడిగారు. పరిశోధించేది స్త్రీ అయి ఉండాలని, రక్తపాతం లేకుండా హాయిగా చదువుకునేలా ఉండాలని కూడా అన్నారు. నాకు బాగా నచ్చినవి నాలుగున్నాయి. అవి నా చేతికి ఎలా వచ్చాయో ముందు చెబుతాను.

మా అమ్మాయి పురిటికని ఒక నవంబరులో ఇంగ్లండు వెళ్ళాను. వాళ్ళుండేది బేసింగ్‌స్టోక్‌లో. డిసెంబరు వచ్చేసరికి సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోయేది. పసిబిడ్డ నిద్రపోతే ఇంట్లో టీవీ పెట్టడానికి లేదు, గిన్నె చప్పుడు కావడానికి లేదు. అమ్మాయి ఊళ్ళోని లైబ్రరీ నుంచి నాకు పుస్తకాలు తెచ్చిపెట్టింది. క్రిస్మస్ నాడు అక్కడ రైళ్ళు నడవవు, దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు. ఆ రోజు మనవరాలిని ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఒక చేత్తో పేజీలు తిప్పుతూ మొదటి పుస్తకం పూర్తి చేశాను.

అది యాన్ పెరీ రాసిన ‘ఎ క్రిస్మస్ గెస్ట్’. 2005లో వచ్చింది, చిన్న నవల. కథాకాలం విక్టోరియా రాణి పాలన. మరియా ఎలిసన్ అనే పెద్దావిడకు నోటిదురుసు ఎక్కువ, ఆవిడంటే ఇంటిల్లిపాదికీ హడలు. మనవరాళ్ళు పండక్కి పారిస్ వెళుతూ ఆవిడను రోమ్నీ మార్ష్ అనే చిత్తడి నేలల ప్రాంతంలో ఉన్న కోడలి ఇంటికి పంపేస్తారు. ఆ కోడలేమో భర్త పోయాక తనకంటే చిన్నవాడైన ఒక నటుణ్ణి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఆ కోపం పెద్దావిడకు ఇంకా చల్లారలేదు. అంతలో అదే ఇంటికి మరో పిలవని చుట్టం వస్తుంది. ఆమె పేరు మాడ్ బారింగ్టన్. ఏళ్ళ తరబడి దూరదేశాలు తిరిగి వచ్చిన మనిషి, పండగ పూట సొంతవాళ్ళే గుమ్మం తొక్కనివ్వలేదు. కొద్దిరోజులకే మాడ్ నిద్రలో చనిపోతుంది. అందరూ సహజ మరణమే అనుకుంటారు. మరియాకు మాత్రం నమ్మకం కుదరదు.

ఆ ముసలావిడ చేతిలో ఏ అధికారమూ లేదు. మాడ్ ఏం తిన్నది, ఏం తాగింది, ఎవరిచ్చారు అన్న లెక్కతోనే మొదలుపెడుతుంది. చావు కబురు చెప్పే నెపంతో మాడ్ పుట్టింటికి వెళ్ళి, అక్కడే బస చేసి, మాటల సందుల్లోంచి నిజం లాగుతుంది. పెద్దవయసు ఆడమనిషి మూల కుర్చీలో కూర్చుంటే చుట్టూ ఉన్నవాళ్ళు మాటలు దాచుకోరు. అది నేనూ చాలా ఇళ్ళలో చూశాను. అయితే నన్ను కదిలించింది పరిశోధన కాదు. మొదట ఈసడించుకున్న మాడ్‌ను, ఆమె పోయాక ఏకైక స్నేహితురాలిగా తలుచుకునే ఆ పెద్దావిడ మనసు. మీరు దీనితోనే మొదలుపెట్టండి.

రెండోది స్టెఫనీ బారన్ 2014లో రాసిన ‘జేన్ అండ్ ద ట్వెల్వ్ డేస్ ఆఫ్ క్రిస్మస్’. ఇందులో డిటెక్టివ్ సాక్షాత్తూ రచయిత్రి జేన్ ఆస్టెన్! కథ 1814 డిసెంబరులో జరుగుతుంది. అప్పటికి ఆమెకు 39 ఏళ్ళు నిండాయి, పుస్తకాల మీద పేరు లేకుండానే నవలలు అచ్చవుతున్నాయి. పాదరీ అయిన అన్న ఇంట చలికి వణికే రోజుల తరవాత, హాంప్‌షైర్‌లోని ‘ది వైన్’ అనే పెద్ద భవంతిలో పండగకు పిలుపు వస్తుంది. అమెరికాతో యుద్ధం ముగిస్తూ గెంట్ నగరంలో సంధి కుదిరిన సమయమది. ఆ పని మీద వచ్చిన యువ నౌకాదళ అధికారి గుర్రం మీంచి పడి చనిపోతాడు. అది ప్రమాదం కాదని జేన్ గుర్తిస్తుంది. లండన్ నగరానికే మెట్రోపాలిటన్ పోలీసు దళం 1829లో గానీ రాలేదు. ఇక ఆ పల్లెపట్టున వచ్చి విచారించే డిటెక్టివ్ ఎవరున్నారు? అందుకే గమనించే అలవాటున్న ఒక అవివాహిత ఆరా తీయడం ఎక్కడా అతికించినట్టు అనిపించదు. క్రిస్మస్ చెట్టు, గ్రీటింగు కార్డు ఇంకా ఇంటింటికీ చేరని కాలం. అప్పట్లో పండగంటే పన్నెండు రోజులూ ఆటపాటలు, చివరి రాత్రి వేడుక.

ది వైన్ నిజంగా ఉన్న ఇల్లే, ఆ రోజుల్లో చ్యూట్ కుటుంబానిది. మా అమ్మాయి ఇంటికి కొద్ది మైళ్ళ దూరమే. ఎండ కాసిన ఒక రోజు బిడ్డను బండిలో తోసుకుంటూ వెళ్ళాం. ఎర్రటి ఇటుక గోడలు, చెరువు వైపు పదిహేడో శతాబ్దంలో చేర్చిన తెల్లటి స్తంభాల ముఖమంటపం. నీళ్ళ అంచున మంచు గాజుపలకలా పేరుకుని ఉంది. జేన్ చలికి శాలువా బిగించుకుని నడిచిన దారి ఇదేనేమో అనుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

నవ్వుకుంటూ చదవాలంటే రిస్ బోవెన్ రాసిన ‘ద ట్వెల్వ్ క్లూస్ ఆఫ్ క్రిస్మస్’. 1933లో డెవన్ పల్లె. రాజకుటుంబానికి బంధువే అయినా చేతిలో చిల్లిగవ్వ లేని జార్జియానా, డబ్బిచ్చి పండగకు వచ్చే అతిథులను చూసుకునే పనిలో చేరుతుంది. రోజుకొక చావు చొప్పున ఊరంతా బెదిరిపోతుంది. చావులు ఎక్కువే గానీ భయంకర వర్ణనలు లేవు. కరోలా డన్ రాసిన ‘మిసిల్‌టో అండ్ మర్డర్’ 1923 నాటి కార్న్‌వాల్ కథ, పత్రికల్లో వ్యాసాలు రాసే డైసీ అందులో నాయిక. ఆరంభంలో బంధుత్వాలు ఎక్కువ, ఒక కాగితం మీద వంశవృక్షం గీసుకుని చదివితే సుఖంగా ఉంటుంది. నేను అమ్మాయి మందుల చీటీ వెనకాల గీసుకున్నాను.

నవలకు తీరిక లేకపోతే అగాథా క్రిస్టీ 1932 నాటి ‘ద థర్టీన్ ప్రాబ్లమ్స్’ కథల సంపుటిలో, పల్లెటూళ్ళో ఉంటూ నేరాల గుట్టు విప్పే పెద్దావిడ మిస్ మార్పుల్ చెప్పే ‘ఎ క్రిస్మస్ ట్రాజెడీ’ ఒక్కటే చదవండి. ఒక భర్త తన భార్యను చంపబోతున్నాడని మిస్ మార్పుల్‌కు ముందే అనుమానం, చేతిలో మాత్రం ఏ ఆధారమూ లేదు. ఆ కథ చదువుతుండగానే బిడ్డ లేచింది. చివరి రెండు పేజీలు ఉయ్యాల ఊపుతూ నిలబడే పూర్తి చేశాను.