ఒక నెల ఫ్రీ కోసం దాచిన డబ్బులో సగం ఇచ్చేస్తారా?

కాకినాడ నుంచి ఒక పాఠకుడు రాశారు. బట్టల షోరూమ్‌లో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నారు. చేతికి వచ్చే జీతం 38,000. ఇంట్లో భార్య, తొమ్మిదో తరగతి చదివే బాబు, అమ్మగారు ఉంటారు. అద్దె, సరుకులు, ఫీజు, మందులు కలిపి 26,000 ఖర్చవుతుంది. చిట్టీకి 5,000, బండి ఈఎంఐకి 2,800 పోతాయి. డీటీహెచ్‌కి నెలకు 410 కడుతున్నారు. ఇప్పుడు దాన్ని తీసేసి, టీవీ ఛానెళ్లు, ఓటీటీలు కలిపి ఇచ్చే ఫైబర్ కనెక్షన్ తీసుకోవాలనుకుంటున్నారు. ప్లాన్ 799, పన్ను అదనం. ఏడాదికి ఒకేసారి కడితే ఒక నెల ఫ్రీ. పాత టీవీ స్మార్ట్ కాదు కాబట్టి 36,000 పెట్టి కొత్తది, క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో. బ్యాంకులో ఉన్నది 23,000. ‘డీటీహెచ్ మంచిదా, ఇంటర్నెట్ టీవీ మంచిదా సర్?’ అన్నది ఆయన ప్రశ్న.

ఈ మధ్య నా దగ్గరికి వస్తున్న వాళ్లలో చాలామంది చేస్తున్న పొరపాటు ఇదే, అంటే సరిపడా దాచుకోకుండానే ఆఫర్ల వెంట పడటం, కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు మీరు అడిగిన లెక్క చూద్దాం. 799కి 18 శాతం జీఎస్టీ కలిపితే 943. ఏడాదికి 11,314. ఇది ఒకేసారి కడితే మీ 23,000లో మిగిలేది 11,686. అంటే 943 రూపాయల లాభం చూసుకుని, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఆసరాని సగం చేసుకుంటున్నారు. ‘ఆఫర్ ఈ నెలాఖరు వరకే’ అని కూడా రాశారు. పోతే పోనివ్వండి. ఇలాంటి ఆఫర్లు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి.

రెండోది, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన వాక్యం: ‘జీతం ఒక్కోసారి 5న పడుతుంది, ఒక్కోసారి 18 దాకా పడదు. తగ్గితే లోన్ యాప్ ఉంది, పోయినసారి అమ్మకి స్కానింగ్ అప్పుడు 8,000 తీసుకున్నా.’ అయ్యా, ఒక స్కానింగ్‌కి 8,000 చేతిలో లేక యాప్‌లో అప్పు చేసిన ఇల్లు, ఏడాది పాటు నెలకు 3,000 కట్టే కొత్త బాధ్యత నెత్తిన పెట్టుకోవచ్చా? జీతం పడే తేదీకే నమ్మకం లేనప్పుడు కార్డు గడువు తేదీని నమ్ముకుని ఎలా సంతకం పెడతారు?

జరిగేది చెబుతాను వినండి. జీతం 18న పడింది, కార్డు గడువు 8. ఆ నెల బిల్లు మీరు పూర్తిగా కట్టలేరు. కట్టకుండా మిగిలిన బాకీ మీద నెలకు మూడు నుంచి మూడున్నర శాతం వడ్డీ మొదలవుతుంది. కార్డు మీద మిగతా వాడకంతో కలిపి ఇలా పేరుకున్న బాకీ 30,000 అయితే, మూడున్నర శాతం అంటే నెలకు 1,050, దాని మీద జీఎస్టీ 189. మొత్తం 1,239 వడ్డీకే పోయాయి, అసలు అక్కడే ఉంది. అదే కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే ఇంకా ఘోరం, తీసిన రోజు నుంచే వడ్డీ. ఇక ‘నో కాస్ట్’ అన్న మాటకి పడిపోకండి. సున్నా వడ్డీ అనేది ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. షాపువాళ్లు డిస్కౌంట్ రూపంలో వడ్డీని సర్దినా, ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ స్టేట్‌మెంట్‌లోనే పడతాయి.

రెండేళ్ల కిందట ఒకాయన నా ముందు కూర్చుని ఫోన్‌లో మెసేజ్‌లు పైకి జరుపుతూ చూపించారు. కంపెనీ రెండు నెలలు జీతం ఆపింది. ఫ్రిజ్ ఈఎంఐ బౌన్స్, దాని కింద బౌన్స్ ఛార్జీ, ఆ ఛార్జీ వల్ల బ్యాలెన్స్ తగ్గి రెండో ఈఎంఐ బౌన్స్. ఒక్క వారంలో తొమ్మిది మెసేజ్‌లు. ఆయన జీతం తక్కువేమీ కాదు, మీకంటే ఎక్కువే. దాచిన డబ్బు లేదు, అంతే.

అందుకే డిష్షా, ఫైబరా అనే ముందు అత్యవసర నిధి సంగతి తేల్చుకోండి. ఇంటి ఖర్చు, బండి ఈఎంఐ కలిపి మీకు నెలకు దాదాపు 30,000 కావాలి. మొదటి మజిలీ మూడు నెలలకి సరిపడా 90,000. తర్వాత ఆరు నెలలకి 1,80,000. ఇప్పుడున్న 23,000 ఒక నెలకి కూడా చాలదు. ‘చిట్టీ ఉంది కదా’ అంటారేమో. అమ్మగారికి రాత్రి పూట ఒంట్లో బాగోకపోతే చిట్టీ పాట వచ్చేదాకా ఆగగలరా? ఎక్కువ తోసి పాడుకుంటే చేతికి వచ్చేదీ తగ్గుతుంది. చిట్టీని పొదుపులో వేయండి, అత్యవసర నిధిలో వేయకండి.

టీవీ ఈఎంఐకి 3,000 కట్టగలనని మీరే రాశారు. ఆ 3,000 జీతం పడిన రోజే వేరే ఖాతాకి పంపండి, ఏటీఎం కార్డు లేని ఖాతా అయితే మరీ మంచిది. స్వీప్-ఇన్ డిపాజిట్ (ఖాతాకి ముడిపెట్టిన ఫిక్స్‌డ్ డిపాజిట్) పెట్టుకోండి, అవసరం పడిన రోజు విడగొట్టుకోవచ్చు. ఏడాదికి 36,000, ఉన్న 23,000 కలిపితే 59,000. జీతం రెండు నెలలు ఆగినా ఎవరి గడపా తొక్కక్కర్లేదు. షోరూమ్‌లో పండగ బోనస్ ఇస్తే అదీ ఇందులోకే. 90,000 దాటాక టీవీకి విడిగా కూడబెట్టి నగదుకే కొనండి.

ఇక టీవీ సంగతి. మీ ఇంట్లో నిజంగా రెండు అవసరాలే ఉన్నాయి: అమ్మగారి సీరియళ్లు, బాబు చదువుకి నెట్. అమ్మగారు ఛానెల్ నంబర్లు నోటికి చెబుతారని, రిమోట్ మీద చూడకుండానే నొక్కుతారని రాశారు. మరి ఆవిడ చేతికి యాప్‌లు వెతికే రిమోట్ ఎందుకు ఇవ్వడం? డీటీహెచ్ ఉంచండి, ప్యాక్ మాత్రం తీసేయండి. 410 అవుతోందంటే అందులో ఎవరూ చూడని స్పోర్ట్స్, హెచ్‌డీ ఛానెళ్లు ఉండి ఉంటాయి. 2019 నుంచి ఛానెళ్లు విడివిడిగా ఎంచుకునే హక్కు మనకుంది. స్టార్ మా, జీ తెలుగు, జెమిని, ఈటీవీ మామూలు ఎస్‌డీలో ఒక్కోటి 19 చొప్పున వేసుకున్నా 76. నెట్‌వర్క్ ఫీజు (ఛానెళ్ల ధర కాకుండా కనెక్షన్‌కి కంపెనీ నెలనెలా తీసుకునేది) 130 లెక్కన, పన్నుతో కలిపి 243. ఉచిత ఛానెళ్లు ఎలాగూ వస్తాయి. నెట్‌వర్క్ ఫీజు మీద గరిష్ఠ పరిమితిని 2024లో ఎత్తేశారు కాబట్టి మీ కంపెనీ యాప్‌లో ఒకసారి సరిచూసుకోండి. డీటీహెచ్‌లో నాకు నచ్చేది ఒకటుంది: చేయి బిగిసిన నెల రీఛార్జ్ ఆపేయొచ్చు, ఎవరూ ఫోన్ చేసి వేధించరు.

బాబుకి 399 దగ్గర మొదలయ్యే ఓటీటీ లేని ఫైబర్ ప్లాన్ చాలు, పన్నుతో 471. నెలనెలా కట్టేదే తీసుకోండి. రెండూ కలిపి 714. మీరు అనుకున్న 943 కంటే 229 తక్కువ. ఇప్పుడు కడుతున్నదాని కంటే 304 ఎక్కువ. ఇంట్లో వైఫై వచ్చాక ఫోన్లకి రోజుకు 2 జీబీ ప్యాక్‌లు అక్కర్లేదు, చిన్న ప్యాక్‌లకి మారితే ఆ తేడాలో కొంతైనా అక్కడ తగ్గుతుంది. పాత టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉందేమో చూడండి. ఉంటే కొన్నాళ్లయ్యాక స్ట్రీమింగ్ స్టిక్ (మామూలు టీవీలో ఓటీటీలు చూపించే చిన్న పరికరం) పెట్టుకుంటే సరిపోతుంది, 36,000 టీవీ అక్కర్లేదు. ఓటీటీ కావాలంటే ఒక్కటే, ఒక నెలకే, ఆటో పే లేకుండా. వర్షానికి డిష్ ఆగితే కాసేపట్లో వస్తుంది, తుపానుకి స్తంభాల మీద వైరు తెగితే ఫైబర్ రావడానికి రోజులు పట్టొచ్చు, కాకినాడలో మీకు చెప్పక్కర్లేదు.

అమ్మగారికి ఆరోగ్య బీమా ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే కొటేషన్లు అడగండి, వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు.

ఫోన్‌లో ఉన్న ఆ లోన్ యాప్‌లో బాకీ ఏమైనా మిగిలి ఉంటే ముందు అది పూర్తిగా కట్టేయండి. బాకీ లేదన్న పత్రం తీసుకుని, బ్యాంకు ఖాతాకి ఇచ్చిన ఆటో డెబిట్ అనుమతి రద్దు చేయించాకే యాప్ తీసేయండి. అనుమతి రద్దు కాకుండా యాప్ తీసేస్తే ఖాతాలోంచి డబ్బు లాగే దారి తెరిచే ఉంటుంది.